కొలువు బొమ్మలకు కొత్త కళ

దసరా వస్తోందంటే తిరుపతి, చిత్తూరు ఇళ్లలో అటక మీది బొమ్మల పెట్టెలు దిగుతాయి. వెలిసినవాటికి ఎనామిల్ పెయింటు పూసేస్తాం. బొమ్మ మెరుస్తుంది కానీ కళ్లూ, ముక్కూ, చీర కుచ్చిళ్లూ ఒకే రంగులో కలిసిపోతాయి.

అవి మళ్లీ కనిపించాలంటే నీడ కావాలి. పిల్లల వాటర్‌కలర్ డబ్బా చాలు. ముదురు గోధుమరంగును డికాషన్‌లా పల్చగా కలపండి. నున్నటి పెయింటు మీద నిలవడానికి గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేయండి. బొమ్మంతా పూస్తే రంగు గుంటల్లోకి దిగుతుంది. ఆరాక ఉబ్బెత్తు చోట్ల తడిగుడ్డతో తుడవండి. ముడతల్లో నీడ మిగులుతుంది. నచ్చకపోతే కడిగేయొచ్చు. చిన్న మోడళ్లు చేసేవాళ్లు దీన్నే ‘వాష్’ అంటారు.

నచ్చితే స్ప్రే వార్నిష్ పల్చగా కొట్టండి. కుంచెతో పూస్తే నీడ చెరిగిపోతుంది.

ఒక్కటే జాగ్రత్త. ఇది ఎనామిల్, యాక్రిలిక్ రంగులు బాగా ఆరిన బొమ్మలకే. పాత మట్టి బొమ్మలు, కొండపల్లి బొమ్మల మీద కొన్ని రంగులు నీళ్లకే కరుగుతాయి. ముందు అడుగున తడిదూది అద్ది చూడండి. రంగు అంటితే ఆపేయండి. ఎర్రచందనం మరపాచి జంట జోలికి అసలే వెళ్లొద్దు. కొయ్య పీల్చిన రంగు మళ్లీ రాదు. అమ్మమ్మనాటి బొమ్మకు పొడిగుడ్డే అలంకారం!