మెషిన్ కొన్నారు సరే... నడిపేదెవరు?

యూనివర్సిటీలకు ప్రభుత్వాలు డబ్బులివ్వట్లేదు అంటే పూర్తి నిజం కాదు. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం 2000లో మొదలుపెట్టిన ‘ఫిస్ట్’ పథకంతో ఎన్నో డిపార్ట్‌మెంట్లకు పరికరాలొచ్చాయి. 2013లో ‘రూసా’ వచ్చింది, 2023లో అదే ‘పీఎం-ఉష’ అయింది. మరి నాలాంటి రీసెర్చ్ స్కాలర్లు శాంపిళ్లు పట్టుకుని ఊళ్లు ఎందుకు తిరుగుతున్నట్టు? నేను చూసినంతలో, అసలు చిక్కు మెషిన్ కొన్న తర్వాతే మొదలవుతుంది.

కెమిస్ట్రీ వాళ్లకు ప్రాణం లాంటి ఎన్‌ఎంఆర్‌నే తీసుకోండి. ల్యాబ్‌లో మనం తయారుచేసిన పదార్థం మనం అనుకున్నదేనా అని తేల్చి చెప్పేది అదే. దాని అయస్కాంతం దాదాపు మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉండాలి. వాడినా వాడకపోయినా ద్రవ నైట్రోజన్, హీలియం నింపుతూనే ఉండాలి. వేసవి సెలవులు మనకే, దానికి లేవు. హీలియం అడుగంటితే అయస్కాంతం శక్తి పోతుంది, మిగిలిన హీలియం కూడా ఆవిరైపోతుంది. పైగా హీలియం మనకు దిగుమతి సరుకు.

దీనికి తోడు మెయింటెనెన్స్ కాంట్రాక్టు, ఏసీ, యూపీఎస్ బ్యాటరీలు, పని తెలిసిన టెక్నీషియన్. గ్రాంటు గడువు ముగిశాక ఇదంతా యూనివర్సిటీ నెత్తినే. జీతాలకే వెతుక్కునే చోట బ్యాటరీల ఫైలు ఎవరు కదుపుతారు? మా దగ్గర ఓ పరికరం చిన్న పార్టు పోయి రెండు సెమిస్టర్లు గుడ్డ కప్పుకుని కూర్చుంది. ఆ బ్యాచ్ ఎంఎస్సీ పిల్లలు దాన్ని బోర్డు మీద బొమ్మగా నేర్చుకుని పరీక్ష రాసేశారు. రేపు ఇంటర్వ్యూలో “ఎప్పుడైనా రన్ చేశారా?” అంటే ఏం చెప్తారు?

2023లో చట్టం చేసి అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు. 5 ఏళ్లకు రూ.50,000 కోట్లు అన్నారు. అందులో రూ.36,000 కోట్లు ప్రభుత్వం బయటి నుంచే రావాలట. కొత్త ప్రాజెక్టుకైతే కంపెనీలు ముందుకొస్తాయేమో. పాత మెషిన్‌కి హీలియం పోయించడానికి ఎవరొస్తారు? అందుకే నేనడిగేది ఒక్కటే: పరికరానికి గ్రాంటు ఇచ్చేటప్పుడే, అది పనిచేసినన్నాళ్లూ నడిపే ఖర్చు, టెక్నీషియన్ జీతం కూడా కలిపి ఇవ్వండి.

ఈలోగా మనకో దారుంది. 2020 జనవరిలో మొదలైన ‘ఐ-స్టెమ్’ పోర్టల్‌లో దేశంలోని ఏ సంస్థలో ఏ పరికరం ఉందో వెతికి, స్లాట్ బుక్ చేసుకోవచ్చు. ఫీజు, ప్రయాణం మాత్రం మన జేబుకే తగలొచ్చు.

ఎంఎస్సీలోనో పీహెచ్‌డీలోనో చేరబోతున్నారా? “మీ దగ్గర ఏ మెషిన్లు ఉన్నాయి?” అని అడిగి ఆగిపోకండి. “పోయిన నెల ఎన్ని శాంపిళ్లు రన్ చేశారు?” అని కూడా అడగండి. లాగ్‌బుక్ చూపిస్తే ఇంకా మంచిది.