సముద్రం దాటే వారి సంచిలో ఏముండాలి?

విదేశ ప్రయాణం నిశ్చయమైన మరునాటి నుండే మన ఇండ్లలో ఊరగాయ జాడీలు, కారప్పొడుల డబ్బాలు, సున్నుండలు, అప్పడాల కట్టలు వరుస కడతాయి. అమెరికాలో ఉన్న కుమారుని వద్దకో, కుమార్తె వద్దకో వెళ్ళే తల్లిదండ్రుల వయస్సు అరవై, డెబ్భై ఉంటుంది. వారి వెంట బయలుదేరే పెట్టెలు మాత్రం ఒక్కొక్కటి 23 కిలోలు. విమాన సంస్థ ఎంత బరువు అనుమతిస్తే అంతా నింపి తీరాలని భావించేవారే ఎక్కువ. ఆ బరువు ఎత్తగల శక్తి తమ నడుముకు, మోకాళ్ళకు ఉన్నదా అని ఆలోచించేవారు తక్కువ.

ఇప్పుడు దీనికి మరొక ప్రయాణం తోడవుతున్నది. పిల్లలు తల్లిదండ్రులను సియాటిల్ నుండి అలాస్కాకు వెళ్ళే ఓడ విహారానికి కూడా తీసుకువెళ్తున్నారు. మే నెల నుండి సెప్టెంబరు వరకు సాగే ఈ విహారాలు సాధారణంగా ఏడు రాత్రులవి. హైదరాబాదు ఎండ, విమానంలోని పొడిగాలి, సముద్రం మీది చలి, ఓడ ఊపు ఇవన్నీ ఒక్క యాత్రలోనే శరీరం తట్టుకోవాలి.

ఇట్టి ప్రయాణానికి ముందు నా వద్దకు సలహాకై వచ్చే దంపతులు "ఏయే మందులు తీసుకువెళ్ళాలి?" అని అడుగుతారు. "ఏవేవి వదిలివెళ్ళగలరు?" అని నేను వారిని ఎదురు అడుగుతాను. సామాను తేలికగా ఉంచుకోవడం కేవలం సౌకర్యానికి సంబంధించినది కాదు. అది ఆరోగ్య రక్షణలో మొదటి మెట్టు.

బరువు తెచ్చే చేటు

అమెరికాకు వెళ్ళేవారు గమ్యస్థానం మరింత దూరంలో ఉన్నప్పటికీ, ఆ దేశంలో మొదట దిగిన విమానాశ్రయంలోనే సాధారణంగా తమ పెట్టెలన్నీ తీసుకొని, కస్టమ్స్ తనిఖీ ముగించుకొని, తిరిగి అప్పగించవలసి ఉంటుంది. పదిహేను, ఇరవై గంటలు కూర్చున్న శరీరం బిగుసుకుపోయి ఉంటుంది. కదిలే పట్టా మీది పెట్టెను నడుము వంచి ఒక్క ఊపున లాగడంతో నడుము పట్టినవారిని నేను అనేకమందిని చూశాను. గిలక (హెర్నియా) ఉన్నవారు, కంటి శుక్లానికి క్రొత్తగా శస్త్రచికిత్స అయినవారు ఇట్టి బరువులు అసలే ఎత్తకూడదు.

అందుచేత ఒక చిన్న పరీక్ష చెబుతాను. సర్దిన పెట్టెను మీరే స్వయంగా ఒక అంతస్తు మెట్లు ఎక్కించి, దింపి చూడండి. ఆయాసపడకుండా చేయగలిగితే ఆ బరువు మీకు తగినది. మెట్లు ఎక్కకూడదని వైద్యుడు చెప్పినవారు పెట్టెను మంచం ఎత్తుకు లేపి చూసుకుంటే చాలు. లేకుంటే ఎవరు ఎంత ప్రేమతో ఇచ్చిన వస్తువైనా బయటకు తీయవలసినదే.

ప్రాణాధారపు సంచి వేరు

పెద్ద పెట్టె ఏ కారణం చేతనైనా ఆలస్యం కావచ్చునని ముందే అనుకోవాలి. నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు రక్తపోటు మాత్రలన్నీ పెద్ద పెట్టెలో పెట్టారు. పెట్టె మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. కొన్ని రకాల రక్తపోటు మాత్రలను హఠాత్తుగా ఆపితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆమెకు అదే జరిగి, మనుమరాలిని ఎత్తుకోవలసిన మొదటి రోజులు ఆసుపత్రిలో గడిచాయి. మన దేశపు వైద్యుని చీటీ చూపినంత మాత్రాన అక్కడి మందుల దుకాణాలు సాధారణంగా మందులు ఇవ్వవు.

నిత్యం వాడే మందులన్నీ, యాత్ర దినాలకు సరిపడినవి, మరి పది రోజులకు అదనంగా, చేతి సంచిలోనే ఉండాలి. మాత్రలను వాటి అసలు పట్టీలలోనే ఉంచండి. వైద్యుని చీటీలో వ్యాపార నామంతోపాటు ఔషధ నామం కూడా వ్రాయించుకోండి. మనకు పారాసెటమాల్‌గా తెలిసిన మందు అమెరికాలో ఎసిటమినోఫెన్ అనే పేరుతో ఉంటుంది. పేరు తెలియక ఒకే మందును రెండుసార్లు మ్రింగే ప్రమాదం ఉన్నది. ఇన్సులిన్‌ను సామాను గదికి పంపరాదు. అక్కడి చలికి గడ్డకట్టి చెడిపోవచ్చు. వేసవిలో సియాటిల్ మనకంటే పన్నెండున్నర గంటలు, అలాస్కా పదమూడున్నర గంటలు వెనుక ఉంటాయి. కనుక ఇన్సులిన్, మధుమేహ మాత్రల వేళలు ఎట్లా మార్చుకోవాలో బయలుదేరక ముందే మీ వైద్యుని అడిగి వ్రాసుకోండి.

వాగ్భటుని కొలమానం

ఇక గృహవైద్యానికి వద్దాము. అల్మారాలోని సీసాలన్నీ కొనిపోనవసరం లేదు. మంచి ఔషధానికి ఉండవలసిన నాలుగు గుణాలను వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో పేర్కొన్నాడు. అది పలు రూపాలలో వాడదగినదై, పలు ప్రయోజనాలు కలిగి, తన శక్తిని కోల్పోనిదై, వాడే మనిషికి తగినదై ఉండాలి. సంచి సర్దుకునేవారికి ఇంతకు మించిన కొలమానం లేదు. ఈ కొలతకు నిలిచేవి నా అనుభవంలో నాలుగు. అన్నీ కలిసి పావు కిలో దాటవు.

శొంఠి పొడి, 50 గ్రాములు: అజీర్ణానికి, జలుబుకు, ఓడలో కలిగే వికారానికి ఉపయోగపడుతుంది. డెన్మార్క్ నౌకాదళ శిక్షణార్థులు 80 మందిపై జరిపి, 1988లో ప్రకటించిన పరిశోధనలో ఒక గ్రాము శొంఠి తీసుకున్నవారికి వాంతులు, చెమటలు పట్టడం తగ్గాయి. వికారం, తలతిరుగుడు మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. కనుక దీనిని తోడుగా భావించాలి గాని సర్వరోగ నివారిణిగా కాదు. ఓడ కదలడానికి ముందుగా టీ చెంచాతో సుమారు అర చెంచా పొడిని, కొద్ది బెల్లంతో వేడినీటిలో కలిపి త్రాగవచ్చు. మధుమేహం ఉన్నవారు బెల్లం మానాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవారు వైద్యుని అడగనిదే వాడరాదు.

లవంగాలు, 10 గ్రాములు: పంటి నొప్పి వచ్చినప్పుడు దంతవైద్యుని చేరేవరకు ఒక లవంగాన్ని ఆ పంటి వద్ద ఉంచుకుంటే ఉపశమనం కలుగుతుంది. గొంతు గరగరకు, నోటి దుర్వాసనకు కూడా పనికివస్తాయి.

ఇసబ్గోల్ పొట్టు, 100 గ్రాములు: ప్రయాణంలో అందరినీ బాధించే మలబద్ధానికి ఇది సాధువైన మార్గం. నిండు గ్లాసు నీటితోనే తీసుకోవాలి. నీరు చాలకుంటే గొంతులోనో, ప్రేగులలోనో అడ్డుపడవచ్చు. మ్రింగడం కష్టమైనవారికి ఇది తగదు. ఇతర మందులకు, దీనికి రెండు గంటల ఎడం ఉండాలి.

నువ్వుల నూనె, 50 మిల్లీలీటర్లు: విమానంలో గాలి తేమ సాధారణంగా 20 శాతానికి లోపే ఉంటుంది. ముక్కు ఎండి మండుతుంది. వేలి కొనకు నూనె అద్దుకొని ముక్కు లోపలి అంచులకు పలుచగా రాయండి. చుక్కలుగా లోనికి పోయకండి. పగిలిన పెదవులకు, మడమలకు, నిద్రపట్టని రాత్రి పాదాల మర్దనకు ఇదే నూనె చాలు. మర్దన తరువాత పాదాలు తుడుచుకోనిదే ఓడ స్నానపు గదిలో అడుగు పెట్టకండి.

వీటికి నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు చేర్చండి. పొడులను చేతివ్రాత పొట్లాలుగా కాక, పేరు ముద్రించిన మూసిన ప్యాకెట్లుగానే ఉంచుకోండి. 2018 నుండి అమెరికా వెళ్ళే విమానాలలో చేతి సంచిలోని పొడి 350 మిల్లీలీటర్ల పరిమాణం మించితే అదనపు తనిఖీ ఉంటుంది. ద్రవాలకు అనేక విమానాశ్రయాలలో 100 మిల్లీలీటర్ల సీసాయే హద్దు. నెయ్యి, ఊరగాయ కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

వదిలివెళ్ళవలసినవి

అరిష్టాలు, ఆసవాలు, కషాయాల సీసాలు బరువైనవి, పగిలేవి. తప్పనిసరి అయితే మీ వైద్యుని అడిగి అదే మందును మాత్ర రూపంలో తీసుకోండి. పేరు, కూర్పు ముద్రించని భస్మాలను, రసౌషధాలను వెంట తీసుకుపోవద్దు. బోస్టన్ పరిసరాలలో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షించగా 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉన్నదని 2004లో వెల్లడైంది. మన శాస్త్రంపై గౌరవం ఉన్నవారే ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్త వహించాలి. గొంతు కోసమని అతిమధురం వేసుకునే అలవాటున్న రక్తపోటు రోగులు దానిని ఇంటనే వదలడం మేలు. అది రక్తపోటును పెంచుతుంది.

నూనె శాతం ఎక్కువై మంట అంటుకునే గుణం ఉన్నందున ఎండుకొబ్బరికి విమానాలలో నిషేధం ఉన్నది. పచ్చి కరివేపాకు నిమ్మజాతి కుటుంబానికి చెందినది. నిమ్మతోటలకు చీడ సోకుతుందనే భయంతో దానిని అమెరికాలోకి రానీయరు. తీసుకువెళ్ళే తినుబండారాలన్నిటినీ కస్టమ్స్ వారికి తెలియజేయాలి. పప్పులు, పొడులు, ఊరగాయలు మన వారున్న ప్రతి పెద్ద నగరంలోనూ దొరుకుతాయి. మన ఇంటి చేతిరుచి ఒక్క చిన్న డబ్బాలో వెళితే చాలు.

దుస్తులు

ఒకటి ఒంటిమీద, ఒకటి ఉతుకులో, ఒకటి పెట్టెలో అన్నది నేను చెప్పే లెక్క. అలాస్కా తీరాన జూలైలోనూ చలి ఉంటుంది. కెచికాన్‌లో ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైగా వర్షం పడుతుంది. విశాఖపట్నం వర్షపాతానికి అది మూడింతల పైమాట. అక్కడ మందమైన ఒక కోటు కంటే పలుచని పొరలు మేలు. లోపల ఒక పలుచని ఉన్ని బనియను, పైన ఒక స్వెట్టరు, ఆ పైన తడవని, గాలి చొరని కోటు. నూలు బట్టలు తడిస్తే త్వరగా ఆరవు. తడిబట్ట ఒంటిమీద చలిని పెంచుతుంది. స్త్రీలు పట్టుచీరల బదులు త్వరగా ఆరే రెండు చీరలో, సల్వార్లో తీసుకోవచ్చు. జారని, అలవాటైన బూట్లు ఒక్క జత చాలు.

విమానంలో, ఓడలో

విమానంలో మూత్రానికి లేవవలసి వస్తుందని నీరు త్రాగడం మానే పెద్దలు అనేకులు. సహజ వేగాలు పదమూడింటిని నిరోధించరాదని చరకుడు చెప్పాడు. మూత్రవేగం వాటిలో ఒకటి. దారి పక్క కుర్చీ అడిగి తీసుకోండి. నాలుగు గంటలు మించిన ప్రయాణంలో కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. గంట, రెండు గంటలకు ఒకసారి లేచి నడవడం, పిక్కలు బిగించి వదలడం మరువరాదు.

ఓడరేవులో పెద్ద పెట్టెను సిబ్బందికి అప్పగిస్తే, అది మీ గదికి చేరడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. ఆఖరి రాత్రి పెట్టెలను గది వెలుపల ఉంచమంటారు. తెల్లవారి దిగేటప్పుడే అవి తిరిగి చేతికి వస్తాయి. ఈ రెండు వేళలలోనూ మందులు, కళ్ళజోడు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. విద్యుత్ కెటిల్, ఇస్త్రీ పెట్టె, అన్నం వండే కుక్కరు ఓడలోకి రానీయరు. బదులుగా ఒక ఫ్లాస్కు తీసుకోండి. వేడినీరు భోజనశాలలో దొరుకుతుంది.

ఓడ ఊపు బాధించేవారు ఓడ మధ్యభాగాన, క్రింది అంతస్తులో గది కోరుకోవాలి. వికారం మొదలైతే దిగంతం వైపు చూడాలి. వికారానికి వాడే కొన్ని మాత్రలు నీటికాసుల వ్యాధి, ప్రొస్టేట్ వాపు ఉన్నవారికి హాని చేస్తాయి, అడగనిదే వేసుకోరాదు. ఓడలలో వ్యాపించే నోరోవైరస్‌ను చేతులకు రాసుకునే ఆల్కహాలు ద్రావకం సరిగా నిర్మూలించలేదు. భోజనానికి ముందు సబ్బు, నీటితో కడగడమే రక్షణ. ఓడ విహారానికి కూడా వర్తించే వైద్య బీమా చీటీ ఆ సంచిలోనే ఉంచండి.

ప్రయాణానికి వారం ముందే పెట్టె సర్ది, మెట్ల పరీక్ష చేయండి. చేతి సంచిని మాత్రం భార్య భర్తకు, భర్త భార్యకు విప్పి చూపాలి. ఒకరికి అస్వస్థత కలిగిన వేళ రెండవవారికి ఏ మందు ఎక్కడ ఉన్నదో వెదకకుండా తెలియాలి.