నిద్రలో ఆగే ఊపిరి, గాడి తప్పే నెలసరి

మా పిన్ని పొద్దున లేస్తూనే నుదుటికి అమృతాంజనం రాసుకునేది. పగలు కూర్చున్నచోటే కునుకు తీసేది. రాత్రి మూడు నాలుగుసార్లు బాత్రూంకి లేచేది. షుగరేమోనని పరీక్ష చేయిస్తే లేదన్నారు. రక్తం తక్కువేమోనని ఐరన్ మాత్రలు మింగింది. 38వ ఏట గర్భసంచి తీయించుకున్నదగ్గర నుంచి ఏ బాధ చెప్పినా "ఆపరేషన్ అయిన ఒళ్లు, అలాగే ఉంటుందిలే" అని ఇంట్లోవాళ్లే సర్దిచెప్పేవాళ్లు. "గురకపెడుతున్నావే" అని బాబాయి అంటే మాత్రం ఆమెకు కోపం వచ్చేది. "నాకసలు నిద్రే పట్టదు, ఇంక గురకెక్కడిదండీ?"

ఇద్దరి మాటా నిజమేనని ఒక పెళ్లికి వెళ్లి ఆమె పక్కన పడుకున్న రాత్రి నాకు తెలిసింది. గురక మెల్లగా మొదలై, పెరిగి పెరిగి, ఒక్కసారిగా ఆగింది. గది నిశ్శబ్దమైపోయింది. పొట్ట, ఛాతీ ఎగిసిపడుతున్నాయి గాని ముక్కులోంచి గాలి రావడంలేదు. నేను లోలోపల అంకెలు లెక్కపెట్టాను. 22 దాకా వచ్చాక పిన్ని నీళ్లలోంచి పైకి తేలినట్టు ఒక్క పెద్ద ఊపిరి పీల్చుకుని, అటు తిరిగి పడుకుంది. రెండు నిమిషాలు కాకముందే మళ్లీ అదే వరస.

దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. మెలకువగా ఉన్నప్పుడు నాలుకను, అంగుడి వెనక భాగాన్ని కండరాలు బిగించి పట్టుకుని గాలికి దారి తెరిచి ఉంచుతాయి. నిద్రలో ఆ బిగువు సడలుతుంది. గొంతు సన్నగా ఉన్నవాళ్లలో, మెడచుట్టూ కొవ్వు చేరినవాళ్లలో ఆ దారి మూసుకుపోతుంది. 10 సెకన్లు, అంతకు మించి గాలి ఆగితే ఒక ఆప్నియా కింద లెక్క. పూర్తిగా ఆగినవీ, సగంలో సన్నగిల్లినవీ కలిపి గంటకు 5 నుంచి 15 సార్లయితే తక్కువ తీవ్రత, 30 దాటితే ఎక్కువ తీవ్రత. నిద్ర పరీక్షలో పిన్నికి గంటకు 34 వచ్చింది. అంటే సగటున రెండు నిమిషాలకోసారి ఆమె మెదడు 'లే, ఊపిరి తీసుకో' అని తట్టి లేపుతోంది. అలా లేచిన సంగతి మనిషికి గుర్తుండదు. ఒంటికి మాత్రం గుర్తుంటుంది.

చాలాకాలం ఇది మగవాళ్ల జబ్బే అనుకున్నారు. లావుపాటి మెడ, పెద్ద పొట్ట, ఇల్లదిరే గురక ఉన్న నడివయసు మగవాడే డాక్టర్ల కళ్ల ముందు మెదిలేవాడు. నిద్ర క్లినిక్కులకు వచ్చేవాళ్లలో ఒక ఆడమనిషికి ఎనిమిది, పదిమంది మగవాళ్లు ఉండేవారు. 1993లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో టెరీ యంగ్ బృందం క్లినిక్కుకు వచ్చినవాళ్లను కాకుండా మామూలు ఉద్యోగులను ల్యాబ్‌లో పడుకోబెట్టి చూసింది. నడివయసు మగవాళ్లలో 24 శాతానికి, ఆడవాళ్లలో 9 శాతానికి గంటకు 5 సార్లకు మించి ఊపిరికి ఆటంకం కనిపించింది. ఒకరికి పదిమంది అనుకున్నది ఒకరికి ఇద్దరు ముగ్గురుగా తేలింది. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడా అంతా డాక్టరు దాకా రాని, వచ్చినా గుర్తింపునకు నోచుకోని ఆడవాళ్లే.

ఎందుకు గుర్తించలేదంటే, ఆడవాళ్లు డాక్టరుకు చెప్పే మాటలు వేరు. నీరసం, నిద్ర పట్టకపోవడం, పొద్దుటి తలనొప్పి, దిగులు, చిరాకు. ఈ మాటలు వినగానే చేతులు విటమిన్ మాత్రల వైపో, నిద్రమాత్రల వైపో, డిప్రెషన్ మందుల వైపో వెళతాయి. పైగా మగవాడి గురక భార్యకు వినబడుతుంది, ఆమె పోరి డాక్టరు దగ్గరకు తీసుకెళుతుంది. ఆడవాళ్ల విషయంలో వినేవాళ్లూ తక్కువే, విన్నా పోరేవాళ్లు మరీ తక్కువ.

ఇక హార్మోన్ల సంగతి. అండం విడుదలయ్యాక అండాశయంలో తయారయ్యే ప్రొజెస్టెరాన్ గర్భసంచి కోసమే పుట్టిందనుకుంటాం. అది ఊపిరికి కూడా కాపలాదారు. మెదడులో శ్వాసను నడిపే కేంద్రాన్ని అది ఉత్తేజపరుస్తుంది. నాలుకను ముందుకు లాగిపట్టే కండరం చురుకుదనాన్ని కొలిచి చూస్తే, నెలసరి చక్రం రెండో సగంలో, ప్రొజెస్టెరాన్ ఎక్కువగా ఉన్న రోజుల్లో అది బాగా బిగువుగా ఉంది. నెలసరి ఆగిపోయినవాళ్లలో బాగా సడలింది. పెన్సిల్వేనియాలో వెయ్యిమంది ఆడవాళ్లను నిద్ర ల్యాబ్‌లో పరిశీలించి 2001లో ప్రచురించిన లెక్కల్లోనూ ఇదే కనిపించింది. పగటి ఇబ్బందులతో కూడిన ఆప్నియా నెలసరి వస్తున్నవాళ్లలో 0.6 శాతం మందికి ఉంటే, నెలసరి ఆగి హార్మోన్లు వాడనివాళ్లలో 2.7 శాతం మందికి ఉంది. హార్మోన్లు వాడుతున్నవాళ్లలో 0.5 శాతమే. అంతమాత్రాన ఆప్నియాకు హార్మోన్ మాత్రలే మందు అనుకోకూడదు. ఆ మాత్రలు వాడేవాళ్లు మొదటి నుంచీ ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు కావచ్చు. వాటితో రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం వంటి ముప్పులూ ఉన్నాయి.

ఇక్కడ మన రెండు రాష్ట్రాల గురించి ఒక మాట చెప్పక తప్పదు. గర్భసంచి తొలగింపు దేశంలోకెల్లా మన దగ్గరే ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతానికి కాస్త తక్కువ మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నారు. దేశం మొత్తం మీద ఇది 3 శాతం చిల్లర. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే హార్మోన్లు రాత్రికి రాత్రే పడిపోతాయి. ఉంచినా కొందరిలో అండాశయాలు కొన్నేళ్లు ముందే అలసిపోతాయి. అమెరికా నర్సులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, ఆపరేషన్ వల్ల నెలసరి ఆగినవాళ్లకు సహజంగా ఆగినవాళ్లకన్నా ఆప్నియా ముప్పు పావువంతు పైగా ఎక్కువని 2018లో తేలింది. ముప్పైల్లోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు మన పల్లెల్లో వీధికి ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. వాళ్లను "రాత్రి నిద్ర ఎలా ఉంటోందమ్మా?" అని అడిగిన డాక్టర్లు ఎంతమంది?

హార్మోన్లు తగ్గితే ఊపిరి ఆగడం కథలో సగమే. ఊపిరి ఆగితే హార్మోన్లు చెదరడం మిగతా సగం.

పిన్ని రాత్రి బాత్రూంకి లేవడాన్నే తీసుకోండి. గొంతు మూసుకుపోయినా ఛాతీ గాలి కోసం బలంగా లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడుకు గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి, నీటిని బయటికి పంపమని మూత్రపిండాలకు చెప్పే హార్మోన్‌ను వదులుతుంది. అందుకే అన్నిసార్లు లేవడం. తప్పు మూత్రాశయానిది కాదు, గొంతుది.

నెలసరిని నడిపేది మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి. అది ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను ధారగా కాక తెరలు తెరలుగా వదులుతుంది. నెలసరి వచ్చిన తొలి రోజుల్లో, రాత్రి నిద్రలో ఈ తెరల వేగం తగ్గుతుంది. నిద్రలో చిన్న మెలకువ వచ్చినా వెంటనే ఒక తెర రావడాన్ని బోస్టన్ పరిశోధకులు 2005లో గమనించారు. తెరలు మరీ వేగంగా పడితే అండాశయంలో మగ హార్మోన్ల తయారీ పెరిగి, అండం ఎదగడం కుంటుపడుతుంది. పీసీఓఎస్ అనే అండాశయ సమస్యలో జరిగేది అదే. రాత్రికి వందసార్లు నిద్ర చెదిరే ఆడపిల్లలో ఈ లయ నిలకడగా ఉండదేమోనన్న అనుమానానికి ఆధారం ఇక్కడ ఉంది.

ఇన్సులిన్ దారి ఇంకా స్పష్టమైంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు 5 గంటలపాటు ఆక్సిజన్ తగ్గిస్తూ పెంచుతూ చూస్తే, ఇన్సులిన్‌కు ఒళ్లు స్పందించే గుణం 17 శాతం తగ్గింది. అదీ వాళ్లు మెలకువగా ఉండగానే. ఇన్సులిన్ పనిచేయకపోతే ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాన్ని మగ హార్మోన్ల వైపు నెడుతుంది. మగ హార్మోన్లను కట్టిపడేసే ప్రొటీన్ తయారీని కాలేయంలో తగ్గిస్తుంది. ఫలితం మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు, రెండు మూడు నెలలకోసారి వచ్చే నెలసరి. 2001లో పీసీఓఎస్ ఉన్న 53 మందిని అది లేని ఆడవాళ్లతో పోల్చినప్పుడు, వాళ్లలో నిద్రలో ఊపిరి ఇబ్బంది 30 రెట్లు ఎక్కువగా కనిపించింది. లావు ఒక్కటే దానికి కారణం కాదు.

అయితే వైద్యం చేస్తే ఇదంతా వెనక్కి తిరుగుతుందా?

ఆ వైద్యం ముందు చిన్న మరమ్మతులా మొదలైంది. 1980లో సిడ్నీలో కాలిన్ సలివాన్ అనే డాక్టరు, గొంతుకు రంధ్రం పెట్టడం తప్ప దారిలేదనుకున్న రోగి ముక్కుకు మాస్కు తగిలించి, వాక్యూమ్ క్లీనర్ మోటారుతో గాలి పంపాడు. ఆ గాలి ఒత్తిడే గొంతును తెరిచి ఉంచింది. 1981లో లాన్సెట్ పత్రికలో అయిదుగురు రోగుల వివరాలతో అది అచ్చయింది. దాని పేరే సీప్యాప్. అందులో మందు లేదు, ఆక్సిజన్ సిలిండరూ లేదు. మన గదిలో గాలే, కాస్త ఒత్తిడితో వస్తుంది.

పిన్ని మాస్కు పెట్టుకున్న మొదటివారం నరకమంది. ముక్కు ఎండిపోయింది, చెంపమీద పట్టీ అచ్చు పడింది, మనవడు "నానమ్మకు తొండం వచ్చింది" అని పరుగెత్తాడు. రెండోవారం తేమ ఇచ్చే నీళ్ల డబ్బా పెట్టించాక కుదురుకుంది. మొట్టమొదట తగ్గింది రాత్రి లేవడం. గొంతు తెరుచుకుంటే గుండె సాగదు, ఆ తప్పుడు సంకేతం రాదు. తర్వాత తలనొప్పి పోయింది.

నెలసరి విషయంలో మార్పు ఇంత వేగంగా, ఇంత కచ్చితంగా రాదు. షికాగో విశ్వవిద్యాలయంలో ఎస్రా తసాలీ బృందం పీసీఓఎస్, ఆప్నియా రెండూ ఉన్న యువతులకు 8 వారాలు సీప్యాప్ ఇచ్చి చూసింది. 2011లో వచ్చిన ఆ ఫలితాల్లో ఇన్సులిన్ కొంత మెరుగ్గా పనిచేసింది, ఒత్తిడి హార్మోన్ నోర్‌ఎపినెఫ్రిన్ తగ్గింది, బీపీలో కింది అంకె దిగింది. రాత్రి ఎక్కువ గంటలు పెట్టుకున్నవాళ్లకు మేలు ఎక్కువ, బాగా లావున్నవాళ్లకు తక్కువ. అది చిన్న అధ్యయనం. పిల్లలు పుట్టడానికో, నెలసరి సరిచేయడానికో సీప్యాప్ మందని చెప్పడానికి అది చాలదు. మగవాళ్లలోనూ టెస్టోస్టెరాన్ దీనివల్ల చెప్పుకోదగ్గంత పెరగలేదు. సీప్యాప్ హార్మోన్ ఇవ్వదు, హార్మోన్లకు అడ్డుపడుతున్న బండరాయిని తీస్తుంది. బరువు కూడా దానంతటది తగ్గించదు. సగటున కొద్దిగా పెరుగుతుందని కూడా లెక్కలున్నాయి.

మిషన్ పెట్టుకున్నాక నెలసరి ముందుకో వెనక్కో జరిగిందని, రక్తస్రావం హెచ్చిందని కొందరు చెబుతారు. ఇన్సులిన్ సర్దుకుంటే ఆగిన అండం విడుదల మళ్లీ మొదలయ్యే వీలుంది కాబట్టి, పిల్లలు వద్దనుకునే పీసీఓఎస్ యువతులు "నాకెలాగూ గర్భం రాదు" అని నమ్మకం పెట్టుకోకూడదు. నలభై దాటినవాళ్లలో చక్రం దానంతటదే మారుతుంటుంది, ప్రతిదీ మిషన్ పుణ్యమనో పాపమనో అనుకోవద్దు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే, అది మిషన్ వల్లేనని ఇంట్లో కూర్చోకూడదు. గైనకాలజిస్టును కలవాల్సిందే.

ఇప్పుడు ఇంకో వైద్యం వచ్చింది. బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను ఊబకాయంతో కూడిన ఆప్నియాకు వాడవచ్చని 2024 డిసెంబరులో అమెరికా అనుమతించింది. బరువు తగ్గి అండం విడుదల తిరిగి మొదలవడం ఒక ఎత్తు, ఈ మందు గర్భనిరోధక మాత్రల శోషణను తగ్గించడం మరో ఎత్తు. అందుకే మొదలుపెట్టిన 4 వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో 4 వారాలు మాత్ర మీదే ఆధారపడకుండా వేరే పద్ధతి వాడమని తయారీదారులే సూచించారు. మన దేశంలో 2025 మార్చి నుంచి దొరుకుతున్న ఈ మందును తెలిసినవాళ్ల సలహాతో వేయించుకునే అమ్మాయిలకు ఈ సంగతి తెలియకపోవచ్చు. గర్భిణులకైతే ఆప్నియా ఇంకా పెద్ద మాట. తొలి నెలల్లో నిద్రలో ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లలో బీపీ పెరిగి వచ్చే ప్రీ ఎక్లాంప్సియా, గర్భిణుల్లో వచ్చే మధుమేహం ఎక్కువని అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం 2017లో చూపింది.

పీసీఓఎస్‌కు మందులు వాడుతున్న అమ్మాయి, ముట్లుడిగే వయసులో ఆవిర్లతో నిద్రలేని ఆవిడ, గర్భసంచి తీయించుకున్న ఇల్లాలు, వీళ్లలో ఎవరైనా డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు నెలసరి తేదీలతోపాటు నిద్ర సంగతి కూడా చెప్పాలి. అడగకపోయినా చెప్పాలి. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోవాలి, దాని లోపం కూడా ఆప్నియాను తెస్తుంది. ఫోన్‌లో రెండు నిమిషాల గురక రికార్డు చేసుకుని వెళితే పది మాటలకన్నా ఎక్కువ పని జరుగుతుంది. ఆ రికార్డు తమంతట తాము చేసుకోవడం కష్టం గనుక ఈ పని ఇంట్లోవాళ్లది. మీ పక్కన పడుకున్న అమ్మ, అక్క, భార్య గురక మధ్యలో ఆగితే లెక్కపెట్టండి. 10 దాటితే పొద్దున ఆమెకు చెప్పి, డాక్టరు దగ్గరకు మీరే వెంటబెట్టుకుని వెళ్లండి.