ఖడ్గకన్య పూర్వగాథ

మహాభారతమున ఉద్యోగపర్వము ముగియవచ్చిన వేళ, ఉభయసేనలును సమరమునకు సన్నద్ధములై యుండగా, భీష్ముడు దుర్యోధనునకు శిఖండి పూర్వవృత్తాంతమైన అంబ కథను వినిపించును. యుద్ధమునకై త్వరపడు పాఠకునకు ఇది విలంబముగా తోచవచ్చును గాని, ఆ కథ వినని వానికి శిఖండి ధనుస్సు వెనుకనున్న వేదన యెన్నటికిని తెలియదు. మూలకథ ప్రక్కన మరియొక కథను నిలిపి, అందొక పాత్రకు పూర్వజన్మమునో బాల్యమునో కల్పించు నిట్టి పద్ధతి జపానుదేశపు బొమ్మల కథలగు మాంగాలలో గైదెన్ అను పేర వర్ధిల్లుచున్నది. అట్టివానిలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది ‘స్వోర్డ్ ఒరటోరియా’.

దీని మూలకథ ఫుజినో ఓమోరి 2013లో వెలువరింప నారంభించిన ‘డన్‌మాచి’ అను నవలామాలిక. ఒరారియో అను నగరము క్రింద అంతస్తులు అంతస్తులుగా పాతాళమువలె దిగిపోవు నొక మహాబిలము కలదు; అందు రాక్షసజంతువులు పుట్టుచుండును. భూలోకమునకు దిగివచ్చిన దేవతలు మనుష్యులకు తమ యనుగ్రహము నొసగి, వారిని కుటుంబములుగా కూర్చుకొందురు. 14 ఏండ్ల బెల్ క్రానెల్ అను బాలుడు ఐదవ అంతస్తున వృషభముఖుడైన మినోటార్ బారినపడి ప్రాణములపై ఆశ విడిచిన క్షణమున, ఐస్ వాలెన్‌స్టైన్ అను 16 ఏండ్ల వీరకన్య వచ్చి, దానిని ఖండించి రక్షించును. ఆనాటినుండి ఆమె వాని కన్నులకు బంగారు కురుల దేవతామూర్తి. ఆ మూర్తి కొక మనస్సు కలదా యన్న ప్రశ్నకు సమాధానముగా 2014లో ఈ ఉపకథ వెలువడినది. కియోతకా హైమురా బొమ్మలతో నవలగాను, తకాషీ యాగి చిత్రణతో మాంగాగాను అది పాఠకులకు చేరినది.

ఆ రక్షణఘట్టమే యిందు మరల వచ్చును. కాని దృష్టి మారినది. లోకీ దేవత కుటుంబమువారు లోతట్టునుండి యాత్ర ముగించి తిరిగివచ్చుచుండగా, ఎదురైన మినోటార్ల మంద వారికి వెరచి పై అంతస్తులకు పారిపోవును. వానిని వెంటాడి చంపుకొనుచు వచ్చిన ఐస్, చివరిదానిని ఆ బాలుని యెదుట కూల్చును. అనగా మూలకథలో దైవానుగ్రహమువలె కనబడిన కార్యము, ఇచట తమవారి పొరపాటును సరిదిద్దుకొనుటయే! నెత్తుట తడిసిన యా పిల్లవాడు కృతజ్ఞతయైనను చెప్పక కేకవేసి పరుగెత్తిపోగా, అచట మనకు హాస్యముగా తోచిన యా పరుగు, తన్ను చూచి భయపడెనను దిగులై ఇచట ఆమె నెంతయో నొప్పించును. ఒకే దృశ్యమునకు రెండు హృదయములు గలవని ఇంత స్పష్టముగా చూపిన ఘట్టము ఈ తరహా రచనలలో అరుదు.

ఆమె పూర్వగాథ కొంచెము కొంచెముగా తెలియును. తల్లి ఆరియా వీరుల కథలు చెప్పుచుండగా ఒడిలో కూర్చుండి వినిన పసితనము, ఆ తల్లిదండ్రులను కోల్పోయి ఏడేండ్లప్రాయమున ఖడ్గము పట్టిన దైన్యము, ఎనిమిదేండ్లకే రెండవ స్థాయికెదిగి అప్పటివరకు ఎవ్వరును ఎరుగని వేగమును సాధించిన కీర్తి, ఆ కీర్తి క్రిందనే రగులుచున్న ప్రతీకారాగ్ని, ఇవి యన్నియు కలసి ఆమె మౌనమునకు అర్థము నిచ్చును. ఫిన్, గారెత్, రివేరియా అను పెద్దలు ఆ బాలికను పెంచిన తీరులో, ముఖ్యముగా కఠినురాలైన రివేరియా మాతృస్థానమున నిలుచుటలో, ఈ గ్రంథపు మార్దవమంతయు కలదు. ఐస్ నారాధించు లెఫియా అను శిష్యురాలి కన్నులతో కొంత కథ నడపుటయు ఉచితమే. మితభాషిణియైన నాయిక తన్ను గూర్చి తాను చెప్పుకొనజాలదు గదా. యుద్ధవర్ణనలు మాత్రము కొన్నియెడల అవసరమునకు మించి సాగినవి.

చదువగోరువారు ముందుగా మూలకథ తొలిసంపుటమును ముగించి, పిమ్మట దీనిని చేపట్టుట మేలు. లేనిచో ఐదవ అంతస్తునాటి యా రెండవ దృష్టి యొక్క విలువ చేజారిపోవును.