ఇంట తేలాకే.. రచ్చకు!

అంతర్జాతీయ న్యాయం, మానవ హక్కుల రంగంలో కెరియర్ అనుకుంటున్నారా? అయితే ఒక నిబంధన మీకు కొట్టినపిండి కావాలి. అంతర్జాతీయ సంస్థ తలుపు తట్టే ముందు సొంత దేశంలోని న్యాయమార్గాలన్నీ ప్రయత్నించి ఉండాలి. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అంటాం కదా.. ఇక్కడ ఇంట ఓడితేనే రచ్చకు అనుమతి!

మరి ఆ మార్గాలు పేరుకే ఉంటే? హోండురాస్ విద్యార్థి మన్‌ఫ్రెడో వెలాస్కెజ్ కేసు చదవండి. 1981 సెప్టెంబరులో అతణ్ని పట్టుకెళ్లారు, మళ్లీ కనిపించలేదు. అతడి కోసం వేసిన 3 హెబియస్ కార్పస్ పిటిషన్లు, 2 క్రిమినల్ ఫిర్యాదులూ ఫలితమివ్వలేదు. అయినా దేశంలో దారులన్నీ వాడుకోలేదని ప్రభుత్వం వాదించింది. ఇంటర్ అమెరికన్ మానవ హక్కుల కోర్టు ఒప్పుకోలేదు. కాగితం మీద ఉంటే చాలదు, అవి పనిచేయాలంది. 1988లో హోండురాస్‌నే బాధ్యురాలిగా తేల్చింది.

మన సంగతి వేరు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారత్ ఉంది కానీ, వ్యక్తులు ఫిర్యాదు చేసుకునే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరలేదు. కాబట్టి ఐరాస మానవ హక్కుల కమిటీకి ఇక్కడి నుంచి ఫిర్యాదు వెళ్లదు. 226, 32 అధికరణల కింద హైకోర్టు, సుప్రీంకోర్టు, వాటితోపాటు ఎన్‌హెచ్‌ఆర్‌సీ.. ఇవే దిక్కు. ఘటన జరిగి ఏడాది దాటితే ఎన్‌హెచ్‌ఆర్‌సీ విచారించదు. ఇంటర్న్‌షిప్‌లో ఏ ఫైలు చేతికొచ్చినా ముందు తేదీలు చూడండి.