గచ్చు పగిలినా... నేల బంగారమే!

హాల్లో షాబాదు బండలు ఎగుడుదిగుడయ్యాయి. వంటింట్లో గచ్చు కుంగింది. చూడ్డానికొచ్చినాయన పెదవి విరిచి 'బాగుచేయించడానికే బోలెడవుతుంది' అంటూ ధర తెగ్గోస్తాడు. అమ్మేవాళ్లు బెంగపడి, అప్పుచేసి మరీ టైల్స్‌ వేయించేస్తారు. అమీర్‌పేట, పంజాగుట్ట సందుల్లో పాత ఇల్లున్నవాళ్లు ఆ తొందర పడకపోవడమే మేలు!

కొనేదెవరు?

హైదరాబాద్‌లో మెట్రో 2017 నవంబరులో మొదలైంది. మియాపూర్‌ - ఎల్బీనగర్‌, నాగోలు - రాయదుర్గం మార్గాలు కలిసేది అమీర్‌పేటలోనే. కోచింగ్‌ సెంటర్లు, హాస్టళ్లు సరేసరి. పంజాగుట్టలో నిమ్స్‌ ఆసుపత్రి ఉంది. అందుకే ఇక్కడ చాలామంది కొనేది ఇంటిని కాదు, గజాలని.

బిల్డరు చూసేది స్థలం ఎంత, ముందున్న రోడ్డు వెడల్పెంత, విస్తరణలో ఎంత పోతుంది అనే. ఎన్ని అంతస్తులకు అనుమతి వస్తుందో తేల్చేవి అవే. ఎలాగూ కూల్చేసే ఇంట్లో గచ్చు పగిలిందని ధర తగ్గించమంటే ఒప్పుకోనక్కర్లేదు. అదే, ఇరుకు సందులో చిన్న స్థలమైతే కొనేవాళ్లు అందులోనే ఉంటారు, లేదా అద్దెకిస్తారు. గచ్చు సంగతి పట్టించుకోవాల్సింది అప్పుడే.

ఎందుకు కుంగింది?

పైన బండలు మార్చేముందు కింద ఏం జరిగిందో చూడాలి. పునాదిలో నింపిన మట్టిని సరిగ్గా దిమ్మిస కొట్టకపోయినా, డ్రైనేజీ పైపు కారి మట్టి కొట్టుకుపోయినా, పందికొక్కులు తవ్వినా గచ్చు దిగిపోతుంది. కర్రతో తట్టితే డొల్ల శబ్దం వస్తుంది. గోడలూ బీటలిస్తే మేస్త్రీ చాలడు, స్ట్రక్చరల్‌ ఇంజినీరుకు చూపించాలి. మరమ్మతు అంచనా రాయించి పెట్టుకుంటే బేరం ఆ అంకె దగ్గరే ఆగుతుంది. లేదంటే పగులు చూపించి లక్షలు లాగేస్తారు.

దాస్తే చిక్కే

గుంత మీద టైల్స్‌ పరిచి 'అంతా బాగుంది' అంటే కుదరదు. కొనేవారు మామూలుగా చూస్తే కనిపించని ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసుంటే చెప్పి తీరాలంటుంది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఉన్నదున్నట్టు చెప్పి, అగ్రిమెంట్‌లో రాయించుకుంటే ఇద్దరికీ నిశ్చింత.

కాగితాలు... పన్ను

నిజానికి పగిలిన గచ్చుకన్నా బేరాన్ని ఎక్కువ చెడగొట్టేవి కాగితాలు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఆస్తిపన్ను రసీదులు ముందే సర్దుకోవాలి. తాతల నాటి ఇల్లయితే ఆడపిల్లలు సహా వారసులందరి సంతకాలూ కావాలి.

2001 ఏప్రిల్‌ 1కి ముందు నుంచీ ఉన్న ఆస్తికి ఆనాటి మార్కెట్‌ విలువను, రిజిస్ట్రేషన్‌ విలువకు మించకుండా, కొన్న ధరగా చూపొచ్చు. 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లయితే, దేశంలో నివసించేవారు లాభం మీద ద్రవ్యోల్బణ సర్దుబాటు లేకుండా 12.5 శాతం, సర్దుబాటుతో 20 శాతం... ఏ లెక్కలో పన్ను తక్కువైతే అది కట్టొచ్చు. బేరం కుదరకముందే ఆడిటరును కలిస్తే మంచిది.

మేస్త్రీని పిలవడం ఆ తర్వాత. ముందు టేపు పట్టుకుని స్థలాన్నీ, సందునీ కొలవండి!