ఉబ్బిన బ్యాటరీ: కారణములు, జాగ్రత్తలు

పశువుకు కడుపుబ్బరము ముదిరినప్పుడు పశువైద్యుడు ఎడమ డొక్కలో గొట్టపు సూది గ్రుచ్చి గాలిని వెడలించుట రైతులెరిగిన విషయమే. ఆ చికిత్సతో పశువు బ్రతుకును. కాని సెల్‌ఫోనులో గాని, మందు చల్లు స్ప్రేయరులో గాని ఉండు లిథియం అయాన్ బ్యాటరీ ఉబ్బినప్పుడు సూది గ్రుచ్చినచో అది భగ్గున మండగలదు. ఉబ్బిన బ్యాటరీకి చికిత్స లేదు. ఉబ్బకుండ కాపాడుకొనుటయే మార్గము.

ఎందుకు ఉబ్బును?

ఈ బ్యాటరీలో రాగి రేకుపై గ్రాఫైటు పూత, అల్యూమినియం రేకుపై లోహపు ఆక్సైడు పూత ఉండును. రెండింటి నడుమ పలుచని ప్లాస్టిక్ పొర, తేలికగా అంటుకొను ద్రవము ఉండును. చార్జి ఎక్కునప్పుడును, దిగునప్పుడును లిథియం అయానులు ఈ ద్రవము గుండా అటునిటు ప్రయాణించును. వేడి పెరిగినను, చార్జి హద్దు మీరినను ఆ ద్రవము విరిగి వాయువులుగా మారును. బొగ్గుపులుసు వాయువు, హైడ్రోజను, కాయలను మగ్గబెట్టు ఎథిలీను అందులోనివే. సంచి మూసియుండుటచే అవి బయటికి పోలేక సెల్లు ఉబ్బును.

ఫోను బ్యాటరీ మెత్తని రేకు సంచిలో ఉండును గనుక ఉబ్బు తెలియును. ఫోను వెనుక మూత లేచును. స్ప్రేయరు బ్యాటరీలలో పెక్కింటియందు ఉక్కు గొట్టపు సెల్లులుండును. అవి పైకి ఉబ్బవు. బ్యాటరీ మితిమీరి వేడెక్కుట, చార్జి త్వరగా దిగిపోవుట, ఘాటైన తీపి వాసన, బుస్సుమను చప్పుడు, వీనిలో ఏది కనిపించినను ప్రమాద సూచనగా ఎంచవలెను.

చార్జరు మార్చరాదు

స్ప్రేయర్లకు సీసపు బ్యాటరీలును, లిథియం బ్యాటరీలును వచ్చుచున్నవి. రెండును 12 వోల్టుల పేరుతో అమ్ముడగుటచే ఒకదాని చార్జరును రెండవదానికి తగిలించు వారు కలరు. ఇది పెద్ద పొరపాటు. సాధారణ లిథియం సెల్లు 4.2 వోల్టుల వరకే నిండవలెను. మూడు సెల్లుల బ్యాటరీకి 12.6 వోల్టులు హద్దు. సీసపు బ్యాటరీ చార్జరు ఇంచుమించు 14.4 వోల్టులిచ్చును. అనగా సెల్లుకు 4.8 వోల్టులు పడును. లోపలి రక్షణ పలక దీనిని ఆపవలెను గాని, నాసిరకపు బ్యాటరీలో దానిని నమ్మరాదు. బ్యాటరీతో వచ్చిన చార్జరునే వాడవలెను.

ఎండ, నిల్వ

45 డిగ్రీలు మించిన వేడిలో చార్జి పెట్టరాదు. మన ప్రాంతమున వేసవి మధ్యాహ్నము రేకుల షెడ్డు లోపలి వేడి అంతకు మించగలదు. కావున ఉదయము గాని, ప్రొద్దుగూకిన పిదప గాని, నీడపట్టున, మనుష్యులు మేలుకొనియుండగా చార్జి పెట్టుట మంచిది. మిరపకో, పత్తికో మందు కొట్టి వచ్చిన వెంటనే వేడి బ్యాటరీకి చార్జి పెట్టక, చల్లారనీయవలెను. ఫోనును ట్రాక్టరుపై ఎండలో వదలరాదు.

పైరు కాలము ముగిసి స్ప్రేయరును అటక ఎక్కించునప్పుడు, సీసపు బ్యాటరీని నిండుగ చార్జి చేసి దాచుట సరియైన అలవాటే. లిథియం బ్యాటరీని మాత్రము సుమారు సగము చార్జితో, స్ప్రేయరు నుండి విడదీసి, చల్లని పొడిచోట ఉంచవలెను. రెండు మూడు నెలలకొకసారి చూచి తగ్గినచో సగమునకు నింపవలెను. పూర్తిగా దిగిపోయి నెలల తరబడి పడియున్న బ్యాటరీలో రాగి కరగి, మరల చార్జి పెట్టినప్పుడు లోపల షార్టు ఏర్పడవచ్చును.

ఉబ్బినచో ఏమి చేయవలెను?

1. వెంటనే వాడుట, చార్జి పెట్టుట మానవలెను.

2. నొక్కరాదు, గ్రుచ్చరాదు, విప్పరాదు. ఫోను నుండి బలవంతముగ పెరికి తీయరాదు.

3. పొడి ఇసుక వేసిన ఇనుప బకెట్టులో ఉంచి, ఇంటికి, గడ్డివామికి, పశువుల కొట్టమునకు దూరముగ నీడన పెట్టవలెను.

4. పెంటకుప్పలో గాని, మంటలో గాని వేయరాదు. పాత ఇనుము కొనువారికి అమ్మరాదు. అమ్మిన దుకాణమునకో, బ్యాటరీలు సేకరించు కేంద్రమునకో ఇవ్వవలెను. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము పాత బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులదే.

5. పొగ వచ్చినచో మనుష్యులను, పశువులను దూరముగ తరలించి, మెయిన్ స్విచ్చి కట్టివేసి, అగ్నిమాపక దళమును పిలువవలెను. ఆ పొగ విషము. చిన్న బ్యాటరీపై దూరము నుండి నీరు సమృద్ధిగ పోసి చల్లార్చవచ్చును. ఆరినట్లు కనిపించినను మరల అంటుకొనగలదు గనుక ముట్టరాదు.

ఉబ్బిన బ్యాటరీని "ఈ ఒక్క పంటకు" అని వాడుట పొదుపు కాదు. క్రొత్త బ్యాటరీ వెల ఒక గడ్డివామి వెలకన్న తక్కువ.